ఫిట్సా.. కాదా? చూసిన కళ్లే చెప్పాలి!

మూర్ఛను నిర్ధరించటంలో అన్నింటికన్నా ముందుండేది యంత్రం కాదు. పక్కనున్నవాళ్లు ఏం చూశారన్నదే తొలి పరీక్ష. ఆ రెండు నిమిషాల్లో జరిగింది డాక్టర్‌ దాకా చెదరకుండా చేరితే సగం పని అయినట్టే. మరి ఏం చూడాలి? ఎలా చెప్పాలి? ఏ పరీక్షను ఎంతవరకు నమ్మాలి?

మనిషి ఉన్నట్టుండి కింద పడిపోతాడు. ఒళ్లు కొయ్యబారుతుంది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి. నోట్లోంచి నురగ వస్తుంది. ఒకరు తాళంచెవుల గుత్తి తెచ్చి చేతిలో పెడతారు. మరొకరు ఉల్లిగడ్డ చిదిమి ముక్కు దగ్గర పెడతారు. ఇంకొకరు చెంచాతో పళ్లు విడదీయబోతారు. రెండు నిమిషాలు తిరిగేసరికి కుదుపులు ఆగిపోతాయి. 'ఇనుము పట్టించగానే తగ్గింది' అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి చాలా ఫిట్స్‌ ఒకట్రెండు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. చేతిలో ఇనుమున్నా, లేకపోయినా.

అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. దేవరకొండ నుంచి నల్లగొండకో, నారాయణపేట నుంచి మహబూబ్‌నగర్‌కో చేరేసరికి మనిషి మామూలుగా కూర్చుని ఉంటాడు. బీపీ బాగానే ఉంటుంది. ఏమైందని అడిగితే తనకేమీ గుర్తుండదు. డాక్టర్‌ ముందు కూర్చున్న తండ్రి ఆ సమయంలో డ్యూటీలో ఉంటాడు. కళ్లారా చూసిన నాయనమ్మ ఇంటి దగ్గరే ఉండిపోతుంది. ఇక డాక్టర్‌కు దొరికేది 'ఫిట్స్‌ వచ్చాయి సార్‌' అన్న ఒక్క ముక్క. అది జరిగిన సంగతి కాదు, మనం అప్పటికే ఇచ్చేసుకున్న తీర్పు. ఆ తీర్పు తప్పయితే అవసరం లేని మందులు ఏళ్ల తరబడి మింగాల్సి రావొచ్చు. లేదూ, అసలు జబ్బు గుండెలో ఉండి, చికిత్స మెదడుకు జరగొచ్చు.

ఒక్కసారి వస్తే మూర్ఛ వ్యాధేనా?

కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం నూటికి 10 మంది వరకు జీవితంలో ఎప్పుడో ఒకసారి ఫిట్స్‌ బారినపడొచ్చు. వీరందరికీ మూర్ఛ వ్యాధి ఉన్నట్టు కాదు. మెదడు కణాల మధ్య నడిచే విద్యుత్‌ సంకేతాలు ఒక్కసారిగా అదుపు తప్పితే ఫిట్స్‌ వస్తాయి. ఇలా పదే పదే అదుపుతప్పే గుణం మెదడులో స్థిరపడితే అది మూర్ఛ వ్యాధి.

అంతర్జాతీయ మూర్ఛ నిపుణుల సంఘం 2014లో దీనికి స్పష్టమైన కొలమానం పెట్టింది. తక్షణ కారణమేదీ లేకుండా, 24 గంటలకు మించిన ఎడంతో కనీసం రెండుసార్లు ఫిట్స్‌ వస్తే మూర్ఛ వ్యాధి అంటారు. ఒక్కసారే వచ్చినా, వచ్చే పదేళ్లలో మళ్లీ వచ్చే ముప్పు 60 శాతమో అంతకన్నా ఎక్కువో ఉందని పరీక్షల్లో తేలినా ఆ పేరే పెడతారు. మెదడులో మచ్చ, పాత పక్షవాతం వంటివి ఉన్నప్పుడు ఇలా జరగొచ్చు. కొన్ని ప్రత్యేక రకాలను వాటి లక్షణాలను బట్టే గుర్తిస్తారు.

'తక్షణ కారణం లేకుండా' అన్న మాట చాలా ముఖ్యం. రక్తంలో గ్లూకోజు బాగా పడిపోయినా, సోడియం, క్యాల్షియం తగ్గినా, మెదడుకు ఇన్‌ఫెక్షన్‌ సోకినా, తలకు దెబ్బ తగిలినా ఫిట్స్‌ రావొచ్చు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 2 నుంచి 5 మందికి జ్వరంతో ఫిట్స్‌ వస్తుంటాయి. వీరిలో చాలామందికి పెద్దయ్యాక మూర్ఛ ఉండదు. ఇలాంటప్పుడు ముందు సరిచేయాల్సింది ఆ కారణాన్ని.

కల్లు మానగానే ఫిట్స్‌

మన ప్రాంతంలో తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. 'కల్లు తాగుతారా? ఎప్పుడు ఆపారు?' చెట్టు నుంచి దించిన అసలు కల్లుతో కాదు, మత్తు కోసం అల్ప్రాజోలమ్‌, డైజిపామ్‌, క్లోరల్‌ హైడ్రేట్‌ వంటివి కలిపిన కల్తీ కల్లుతోనే చిక్కు. రోజూ తాగేవారి మెదడు ఆ మత్తుమందుకు అలవాటు పడుతుంది. ఒక్కసారిగా ఆపేస్తే ఒంట్లో వణుకు, నిద్రలేమి, మతి తప్పినట్టు మాట్లాడటం, ఫిట్స్‌ మొదలవుతాయి. ఇవి ఒకట్రెండు రోజుల్లోనే కనిపించొచ్చు, కొందరిలో ఇంకా ఆలస్యం కావొచ్చు.

2015లో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమైనప్పుడు నిజామాబాద్‌, మహబూబ్‌నగర్‌ ప్రాంతాల్లో ఎందరో ఇలాంటి లక్షణాలతోనే ఆసుపత్రులకు చేరారు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం, కల్లు దొరక్క ఇబ్బందిపడిన వారితో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం కిటకిటలాడింది.

'మా ఇంట్లో కల్లు అలవాటు లేదు కదా' అనుకోకండి. ఏళ్లుగా నిద్రమాత్ర వేసుకుంటున్న అమ్మకు, నాన్నకు ఆ చీటీ అయిపోయి మాత్ర హఠాత్తుగా ఆగిపోయినా జరిగేది ఇదే. మద్యం మానేసిన రెండు రోజుల్లోపు వచ్చే ఫిట్సూ ఈ కోవలోవే. పరువు పోతుందని అలవాటును దాచిపెడితే డాక్టర్‌ దారి తప్పుతారు. నిజం చెప్పండి. మానటమూ డాక్టర్‌ పర్యవేక్షణలోనే, నెమ్మదిగా సాగాలి.

ఫిట్స్‌లా కనిపించేవి

ఎండాకాలంలో పెళ్లి పందిట్లోనో, బస్టాండులోనో నిలబడి నిలబడి కళ్లు తిరిగి పడిపోవటం చూస్తుంటాం. మెదడుకు రక్తం కొద్ది క్షణాలు తగ్గటం దీనికి కారణం. పడ్డాక కాళ్లూ చేతులూ కాసేపు అదరొచ్చు. దాన్ని చూసి ఫిట్స్‌ అనుకుంటారు. పడబోయేవారిని పట్టుకుని నిలబెడితే మెదడుకు రక్తం అందక ఈ అదురు ఇంకా పెరుగుతుంది. ఇలాంటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తులో పెట్టాలి.

రెండింటికీ తేడా గుర్తించటానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. సొమ్మసిల్లేవారికి ముందుగా కళ్లు మసకబారతాయి, చెమట పడుతుంది, ముఖం పాలిపోతుంది. పడుకోబెట్టగానే నిమిషంలోపే తేరుకుని, ఎక్కడున్నదీ చెప్పగలుగుతారు. ఫిట్స్‌లో ఒళ్లు ముందు బిగుసుకుని, ఆ తర్వాత కుదుపులు మొదలవుతాయి. పెదాలు నీలంగా మారొచ్చు. నాలుక పక్క భాగం తెగొచ్చు. ఆగాక చాలాసేపు అయోమయంగా, మగతగా ఉంటారు. బట్టల్లో మూత్రం పోవటం మాత్రం రెండింటిలోనూ ఉండొచ్చు. ఒక్క దాన్ని పట్టుకుని తేల్చేయొద్దు.

పరుగెడుతుండగా పడిపోయినా, ఏ సూచనా లేకుండా కుప్పకూలినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా గుండె లయ లోపాన్ని అనుమానించాలి. అందుకే మొదటిసారి స్పృహ తప్పినవారికి ఈసీజీ తప్పనిసరి. చవకైన ఈ పరీక్ష ఒక్కోసారి ప్రాణం నిలబెడుతుంది.

మరికొందరిలో తీవ్రమైన మానసిక ఒత్తిడి ఫిట్స్‌ రూపంలో బయటపడుతుంది. కళ్లు గట్టిగా మూసుకోవటం, తల అటూ ఇటూ తిప్పటం, కుదుపులు ఆగుతూ మొదలవుతూ చాలాసేపు సాగటం వీరిలో కనిపించొచ్చు. ఇది నాటకం కాదు, దయ్యమూ కాదు, పూనకమూ కాదు. మనిషి కావాలని చేసేది అంతకన్నా కాదు. మందులకు లొంగని ఫిట్స్‌ అంటూ పెద్ద కేంద్రాలకు వచ్చేవారిలో దాదాపు ఐదింట ఒక వంతు మందికి ఉన్నది ఇలాంటిదేనని తేలుతోంది. వీరికి కావాల్సింది కౌన్సెలింగ్‌, మానసిక చికిత్స. ఫిట్స్‌ మాత్రలతో ఉపయోగం ఉండదు.

ఫిట్స్‌లా కనిపించనివి

దీనికి పూర్తిగా విరుద్ధమైన పొరపాటూ జరుగుతుంటుంది. అసలైన ఫిట్స్‌ను ఫిట్స్‌ అనుకోకపోవటం.

* బడి పిల్లలు పాఠం మధ్యలో 5 నుంచి 20 సెకన్లు శూన్యంలోకి చూస్తుండిపోయి, మళ్లీ ఏమీ కానట్టు రాసుకోవటం. రోజుకు ఎన్నోసార్లు జరగొచ్చు. 'పరధ్యానం' అని దెబ్బలు తింటారు.
* ఇంటర్‌, డిగ్రీ వయసు పిల్లలకు పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడి బ్రష్షో, గ్లాసో జారిపోవటం. పరీక్షలప్పుడు రాత్రుళ్లు మేల్కొంటే ఎక్కువవుతుంది. హాస్టల్‌ గదిలో దీన్ని చూసేది స్నేహితులే.
* కడుపులోంచి ఏదో పైకి తన్నుకొస్తున్నట్టు అనిపించి, ఆ తర్వాత నిమిషం రెండు నిమిషాలు చూపు నిలిచిపోవటం, పెదాలు చప్పరించటం, చీర కొంగునో చొక్కా గుండీలనో తడుముతుండటం. పిలిస్తే పలకరు. తర్వాత గుర్తుండదు.
* తల మీద చెంబుతో వేడినీళ్లు గుమ్మరించుకుంటున్నప్పుడు ఉన్నట్టుండి మాట ఆగిపోవటం, పడిపోవటం. ఈ 'వేడినీళ్ల మూర్ఛ' దక్షిణ భారతంలో, ముఖ్యంగా మన పక్కనున్న కర్ణాటకలో ఎక్కువగా నమోదైంది. బెంగళూరు నిమ్‌హాన్స్‌ వైద్యులు దీన్ని విస్తృతంగా అధ్యయనం చేశారు. స్నానాలగదిలో పడిపోయారంటే నీళ్లెంత వేడిగా ఉన్నాయో, తలస్నానం చేస్తున్నారా అన్నదీ చెప్పండి.

రకం తెలియటం ఎందుకంత ముఖ్యం? ఎందుకంటే మందు దాన్ని బట్టే ఉంటుంది. ఒక రకం ఫిట్స్‌కు చక్కగా పనిచేసే కార్బమజపిన్‌.. పొద్దున్నే చేతులు ఉలిక్కిపడే రకాన్ని ఇంకా పెంచొచ్చు. 'మా చుట్టాలబ్బాయికి ఇదే మాత్రతో తగ్గింది' అంటూ తెచ్చి వేయటం అందుకే ప్రమాదం.

ఏం చూడాలి? ఏం రాసుకోవాలి?

ముందు మనిషి భద్రత, ఆ తర్వాతే గమనింపు. పదునైన వస్తువులు, పొయ్యి, నీటి తొట్టి దూరంగా ఉండేలా చూడండి. తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి. కుదుపులను అదిమి ఆపాలని చూడకండి. నోట్లో ఏమీ పెట్టకండి, నీళ్లు పోయకండి. కుదుపులు తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వెంటనే గడియారం చూడండి. భయంలో అర నిమిషం కూడా పది నిమిషాల్లా తోస్తుంది.

మరొకరు పక్కనుంటే సెల్‌ఫోన్‌లో వీడియో తీయమనండి. ముఖం, కళ్లు, కాళ్లూ చేతులూ మొత్తం కనపడాలి. తేరుకునేంత వరకు తీయాలి. మధ్యలో పేరు పెట్టి పిలిచి, ఏదైనా చేయమని అడగాలి. అది అమానుషం కాదు, వైద్యానికి సాక్ష్యం. అమెరికాలో జరిగి 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో నిపుణులు కేవలం ఇలాంటి ఫోన్‌ వీడియోలు చూసే పదింట దాదాపు తొమ్మిదిసార్లు సరైన నిర్ధరణకు రాగలిగారు. ఆ వీడియో డాక్టర్‌కే చూపించండి. కుటుంబ వాట్సప్‌ గ్రూపులో పెట్టకండి.

అదే రోజు, మరచిపోకముందే ఒక కాగితం మీద ఇవి రాసి పెట్టండి:

* ముందు: ఏం చేస్తున్నారు? నిద్రలోనా, మెలకువగానా? ముందురాత్రి నిద్ర సరిపోయిందా? తిన్నారా? జ్వరముందా? ఏవైనా మందులు కొత్తగా మొదలుపెట్టారా, ఆపేశారా? వింత వాసన, కడుపులో తిప్పటం, భయం వంటివి చెప్పారా?
* అప్పుడు: మొదట ఏం కనిపించింది? ఒక చెయ్యా, ఒళ్లంతానా? తల, కళ్లు ఏ పక్కకు తిరిగాయి? కళ్లు తెరిచే ఉన్నాయా? ముఖం రంగేమిటి? ఎంతసేపు?
* తర్వాత: ఎన్ని నిమిషాలకు పేరు చెప్పగలిగారు? నాలుక ఎక్కడ తెగింది? ఒక చెయ్యి, కాలు బలహీనంగా ఉందా? తలనొప్పి, నిద్ర, ఒళ్లునొప్పులు ఉన్నాయా?

'ఒక పక్కనే మొదలైంది' అన్న ఒక్క మాట మెదడులో ఎక్కడ వెతకాలో డాక్టర్‌కు చెబుతుంది. చూసినవారు ఆసుపత్రికి రాలేకపోతే ఫోన్‌లోనైనా డాక్టర్‌తో మాట్లాడించండి. అబ్బాయి హైదరాబాద్‌ హాస్టల్‌లో ఉంటే రూమ్‌మేట్‌ నంబరు తీసుకోండి.

యంత్రాలు చెప్పేవి, చెప్పనివి

ఈఈజీ: జర్మన్‌ వైద్యుడు హాన్స్‌ బెర్గర్‌ 1924లో తొలిసారి మనిషి మెదడు తరంగాలను నమోదు చేశారు. ఇప్పటికీ మూర్ఛ పరీక్షల్లో దీనిదే పెద్దపీట. 'తలకు కరెంటు పెడతారు' అన్నది అపోహ. తల మీద అతికించే చిన్న బిళ్లలు మెదడు సంకేతాలను రాసుకుంటాయంతే. నొప్పి ఉండదు. ముందురోజు తలస్నానం చేసి, నూనె రాయకుండా వెళ్లాలి. తక్కువ నిద్రపోయి రమ్మని చెబితే అలాగే చేయాలి. వేసుకునే మందులను సొంతంగా ఆపొద్దు.

గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. ఈఈజీ మెదడును అరగంట సేపు మాత్రమే చూస్తుంది. మూర్ఛ ఉన్నవారిలోనూ దాదాపు సగం మందికి మొదటి ఈఈజీ మామూలుగానే రావొచ్చు. నిద్రలో తీస్తే, మళ్లీ తీస్తే దొరికే అవకాశం పెరుగుతుంది. 'రిపోర్టు నార్మల్‌' అంటే 'మూర్ఛ లేదు' అని కాదు. ఎన్నడూ ఫిట్స్‌ రానివారిలో కొద్దిమందికి ఈఈజీలో తేడా కనిపించొచ్చు కూడా. కాబట్టి రిపోర్టు కాగితానికి కాదు, మనిషికి చికిత్స చేయాలి.

ఎంఆర్‌ఐ, సీటీ: మెదడులో మచ్చ, గడ్డ, పాత దెబ్బ, రక్తస్రావం వంటి కారణాలను వెతుకుతాయి. అత్యవసరంలో సీటీ, నిదానంగా కారణం వెతకటానికి ఎంఆర్‌ఐ మేలు. మన దేశంలో ఫిట్స్‌కు ఒక ముఖ్య కారణం బద్దెపురుగు గుడ్లతో మెదడులో ఏర్పడే తిత్తులు. 'మేం శాకాహారులం' అనుకోవటానికి లేదు. సరిగా కడగని కూరగాయలు, మురికి చేతులు, కలుషిత నీటి ద్వారా గుడ్లు ఎవరి కడుపులోకైనా చేరొచ్చు. క్షయ గడ్డలూ ఇలాగే కనిపిస్తాయి. రెండింటికీ చికిత్స ఉంది, కానీ వేర్వేరు. అందుకే స్కాన్‌ను నిపుణులు చూడాలి.

రక్త పరీక్షలు: గ్లూకోజు, సోడియం, క్యాల్షియం, కిడ్నీ పరీక్షలు. ఇవి జిల్లా ఆసుపత్రుల్లోనే అవుతాయి.

ఎక్కడ మొదలెట్టాలి?

అన్నింటికీ హైదరాబాద్‌ పరుగెత్తాల్సిన అవసరం లేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్‌, వనపర్తిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. జనరల్‌ మెడిసిన్‌, పిల్లల విభాగాల్లో తొలి అంచనా, రక్త పరీక్షలు, ఈసీజీ అక్కడే చేయించుకోవచ్చు. నిర్ధరణలో సందేహమున్నా, రెండు రకాల మందులు సరైన మోతాదులో వాడినా తగ్గకపోయినా నాడీవ్యాధి నిపుణులను కలవాలి. హైదరాబాద్‌లో నిమ్స్‌, ఉస్మానియా, గాంధీ ఉన్నాయి. ఉమ్మడి నల్లగొండవారికి బీబీనగర్‌ ఎయిమ్స్‌ దగ్గర. న్యూరాలజీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో ముందే కనుక్కుని బయల్దేరండి. పాత చీటీలు, స్కాన్‌ ఫిల్ములు, మందుల ఖాళీ అట్టలన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌ 1న తొలుత మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్‌ ఒకటి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి పరిమితి రూ.10 లక్షలు. అయితే ఇది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి తీసుకునే చికిత్సలకు. మీ పరీక్షకు వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

పేరు పడుతుందని భయమా?

ఆడపిల్లకు ఫిట్స్‌ అని తెలిస్తే సంబంధాలు రావన్న భయంతో చాలా ఇళ్లలో డాక్టర్‌ దగ్గరికే వెళ్లరు. హిందూ వివాహ చట్టంలోని షరతుల్లో ఒకప్పుడు మూర్ఛను మతిభ్రమణం పక్కన చేర్చారు. 1999 సవరణతో దాన్ని తొలగించారు. మూర్ఛ ఉందన్నది ఇప్పుడు పెళ్లికి అడ్డంకి కాదు, రద్దుకు కారణమూ కాదు. దాచి చేస్తేనే చిక్కు. అత్తింట్లో తెలుస్తుందని మాత్రలు మానేస్తే ఫిట్స్‌ తిరగబెడతాయి. కొన్ని మందులు, ముఖ్యంగా వాల్‌ప్రోయేట్‌, గర్భంలోని బిడ్డకు హాని చేయొచ్చు. పెళ్లికి ముందే డాక్టర్‌తో మాట్లాడి తగిన మందుకు మారటానికైనా నిజం బయటికి రావాలి.

నిర్ధరణ తేలేదాకా బండి నడపటం, బావిలో ఈత, ఎత్తులెక్కటం, ఒంటరిగా పొయ్యి దగ్గర పని మానండి. స్నానాలగదికి లోపల గడియ వద్దు. డ్రైవింగ్‌ లైసెన్సుకిచ్చే ఆరోగ్య ప్రకటనలోనూ మూర్ఛ ఉందా, హఠాత్తుగా స్పృహ తప్పుతుందా అన్న ప్రశ్న ఉంటుంది. మూర్ఛే అని తేలినా బెంబేలు పడొద్దు. సరిగా నిర్ధరించి, సరైన చికిత్స అందిస్తే 70 శాతం వరకు బాధితులు ఫిట్స్‌ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

వెంటనే 108కి ఫోన్‌ చేయండి

* కుదుపులు 5 నిమిషాలు దాటినా
* తేరుకోకముందే మళ్లీ మొదలైనా
* మొదటిసారి వచ్చినా
* గర్భిణి, మధుమేహం ఉన్నవారు అయినా
* నీటిలో వచ్చినా, తలకు దెబ్బ తగిలినా
* జ్వరంతో పాటు మెడ బిగుసుకున్నా, మగత వీడకపోయినా
* ఊపిరి ఇబ్బందిగా ఉన్నా

అంబులెన్సు ఎక్కేటప్పుడు ఒక్క సంగతి మరవకండి. డబ్బులు, ఆధార్‌ కార్డు ఎవరైనా తర్వాత తెచ్చివ్వొచ్చు. కళ్లారా చూసిన మనిషిని మాత్రం వెంట తీసుకెళ్లండి.